మీడియా ప్లేయరు, ఫైలు మార్పిడి సాఫ్టువేరు

మీడియా ప్లేయరు అనగా కంప్యూటరులో గాని, మొబైల్ ఫోనులో గాని నిల్వ చేసిన ధ్వని, దృశ్య ఫైళ్ళను వినిపించు, చూపించు సాఫ్టువేరు. ఒక రూపములో ఉన్న ఫైలును మరొక రూపములోకి మార్చు సాఫ్టువేరును మార్పిడి సాఫ్టువేరు లేదా కన్వర్టరు అంటారు. ఇవి వేరువేరు పనులుగా కనిపించినప్పటికీ రెండింటిలోను మొదటి సగము ఒక్కటే. ముందుగా కుదించి ఉన్న ఫైలును విప్పవలెను. విప్పిన దానిని తెరకు, స్పీకరుకు పంపినచో అది ప్లేయరు; మరొక పద్ధతిలో తిరిగి కుదించి కొత్త ఫైలుగా వ్రాసినచో అది కన్వర్టరు. ఈ కారణము చేతనే వీఎల్‌సీ వంటి ప్లేయర్లలో మార్పిడి సౌకర్యము కూడా అంతర్భాగముగా ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో ఈ సాఫ్టువేరును ఎక్కువమంది సినిమాలు, పాటల కొరకే వాడినారు. అయితే ఇళ్ళలో, సంఘాల కార్యాలయాలలో పాత క్యాసెట్లపై మిగిలి ఉన్న మౌఖిక కళలను కాపాడుకొనుటకు కూడా ఇదే సాధనము. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీర ప్రాంతము జముకుల కథ, తప్పెటగుళ్ళు వంటి కళలకు నెలవు. తేమగాలి, తుఫానులు కలిగిన ఈ ప్రాంతములో టేపుల ఆయుష్షు తక్కువ. అందుచేత ఈ వ్యాసములో పలు చోట్ల ఉదాహరణలు ఆ ప్రాంతము నుండి తీసుకొనబడినవి.

కంటైనరు, కోడెక్

ఫైలు పేరు చివర ఉండే ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ వంటి అక్షరాలను బట్టి లోపల ఏమున్నదో పూర్తిగా తెలియదు. ఆ అక్షరాలు కంటైనరును, అనగా పైన ఉండే పెట్టెను మాత్రమే తెలుపుతాయి. పలాసలో జీడిపప్పును డబ్బాలలో నింపి పంపుతారు. డబ్బా ఒక్కటే అయినను లోపల గుండు ఉండవచ్చును, బద్ద ఉండవచ్చును. అదే విధముగా ఒకే ఏవీఐ పెట్టెలో వేరువేరు పద్ధతులలో కుదించిన దృశ్యము, ధ్వని ఉండవచ్చును. ఈ కుదింపు, విప్పు పద్ధతిని కోడెక్ అంటారు. కోడింగు, డీకోడింగు అను రెండు మాటల మొదళ్ళను కలిపి ఈ పేరు ఏర్పడినది.

ఏవీఐ కంటైనరును మైక్రోసాఫ్ట్ సంస్థ 1992లో ప్రవేశపెట్టినది. మత్రోష్కా (ఎంకేవీ) 2002లోను, వెబ్‌ఎం 2010లోను వచ్చినవి. కోడెక్‌లలో హెచ్.264 2003లో, హెచ్.265 2013లో, ఏవీ1 2018లో వెలువడినవి. ధ్వని కోడెక్‌లలో ఎంపీ3, ఏఏసీ, వోర్బిస్, ఓపస్, ఫ్లాక్ ముఖ్యమైనవి.

ఈ భేదము తెలియకపోవుట వలన కలుగు ఇబ్బందులు చాలా ఉన్నవి. 2000వ దశకములో కంప్యూటరు వాడినవారికి బొమ్మ లేకుండా మాట మాత్రమే వినిపించుట, లేదా మాట లేకుండా బొమ్మ మాత్రమే కనిపించుట బాగా పరిచయమైన అనుభవము. పెట్టె తెరుచుకొనినను లోపలి రెండు కోడెక్‌లలో ఒకటి ఆ కంప్యూటరులో లేకపోవుటయే అందుకు కారణము. దీనికి విరుగుడుగా చాలామంది అంతర్జాలము నుండి 'కోడెక్ ప్యాకు'లను దించుకొనెడివారు. వీటిలో మంచివి ఉన్నవి గాని, 2005 ప్రాంతములో వ్యాపించిన జ్లాబ్ అను హానికర ప్రోగ్రాము వీడియో కోడెక్ వేషములోనే కంప్యూటర్లలోకి చొరబడినది. వీడియో చూచుటకు ఫలానా ప్రోగ్రాము ఎక్కించుకొమ్మని అడిగే పేజీలను నమ్మరాదను హెచ్చరిక అప్పటి నుండి వాడుకలోకి వచ్చినది.

ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చినంత మాత్రాన ఫైలు మారదు. డబ్బాపై చీటీ మార్చినట్లే అవుతుంది. మరోవైపు, లోపలి సరుకును ముట్టుకొనక పెట్టెను మాత్రమే మార్చుట కూడా సాధ్యమే. దీనిని రీమక్సింగ్ అంటారు. ఎంకేవీలో ఉన్న హెచ్.264 దృశ్యమును ఎంపీ4 పెట్టెలోకి ఎత్తిపెట్టుటకు కొద్ది క్షణాలు చాలును. నాణ్యతలో ఏమాత్రము నష్టము ఉండదు. ఈ అవకాశము తెలియక గంటల కొద్దీ తిరిగి కుదించి, నాణ్యతను కూడా పోగొట్టుకొనువారు ఎందరో ఉన్నారు.

కుదింపు, నష్టము

సీడీ నాణ్యతలో ధ్వనిని కుదించకుండా నిల్వ చేసినచో, సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, రెండు ఛానెళ్ళ చొప్పున నిమిషానికి సుమారు 10.6 మెగాబైట్లు అవసరము. 60 నిమిషాల క్యాసెట్టు ఈ లెక్కన 635 మెగాబైట్లు అవుతుంది. అదే ధ్వని 128 కిలోబిట్ల ఎంపీ3గా మారినచో సుమారు 58 మెగాబైట్లకు తగ్గుతుంది. మనిషి చెవికి అంతగా పట్టదని గణితము తేల్చిన అంశాలను తీసివేయుట వలన ఇంత పొదుపు సాధ్యమైనది. ఇట్టి కుదింపును నష్టసహిత కుదింపు అంటారు. ఫ్లాక్ వంటివి నష్టరహితమైనవి. పరిమాణము సుమారు సగానికి తగ్గినను విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడా తేడా రాదు.

నష్టసహిత కుదింపులో పోయినది తిరిగి రాదు. బద్దగా విడిపోయిన పప్పును గుండుగా చేయలేనట్లే, 64 కిలోబిట్ల ఎంపీ3ను 320 కిలోబిట్లకు మార్చినచో ఫైలు పెద్దదగును గాని నాణ్యత పెరగదు. పైగా ప్రతి మార్పిడిలోను కొత్త నష్టము తోడవుతుంది. ఎంపీ3 నుండి ఏఏసీకి, అక్కడి నుండి మరల ఎంపీ3కి మార్చిన పాట మూడు మార్లు వడగట్టినట్లు ఉంటుంది.

ఈ నష్టము అన్ని ధ్వనులపై ఒకే విధముగా ఉండదు. మొదటి తరము కెమెరా ఫోన్లలో వాడిన 3జీపీ ఫైళ్ళలో ధ్వని సాధారణముగా ఏఎంఆర్ అను కోడెక్‌లో ఉండేది. ఇది టెలిఫోను సంభాషణ కొరకు రూపొందినది. సెకనుకు 8,000 నమూనాలు తీసుకొని, ఇంచుమించు 200 నుండి 3,400 హెర్ట్‌జ్‌ల మధ్యనున్న ధ్వనిని మాత్రమే నిలుపుతుంది. అత్యధిక స్థాయియైన 12.2 కిలోబిట్ల వద్ద కూడా గంట ధ్వని 5.5 మెగాబైట్లే. మనిషి మాట వరకు ఇది సరిపోతుంది. కాని తప్పెటగుళ్ళలో గజ్జెల మెరుపు అంతా పై స్థాయులలోనే ఉంటుంది. జముకు తోలుకు బిగించిన తీగను మీటి, బిగువు మార్చుట ద్వారా నాదమును పైకి, క్రిందికి జార్చే వాయిద్యము; ఆ జారుడులో క్రింది భాగమంతా ఏఎంఆర్ వడపోతలో పోతుంది. కథకుని మాటలు తెలుస్తాయి, వంతలు అందుకొనిన వరుస తెలుస్తుంది, వాయిద్యము మాత్రము రేకు డబ్బా కొట్టినట్లు వినిపిస్తుంది. అట్టి రికార్డింగును ఏ సాఫ్టువేరూ బాగుచేయలేదు.

చరిత్ర

1991లో ఆపిల్ సంస్థ క్విక్‌టైమును విడుదల చేసినది. అదే కాలములో విండోస్‌కు మీడియా ప్లేయరు వచ్చినది. అంతర్జాలము ద్వారా ధ్వనిని వినుటకు 1995లో రియల్ ఆడియో ప్లేయరు వెలువడినది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ప్రధాన పాత్ర వహించిన ఎంపీ3కి ఆ పేరు చివరి అక్షరాలు 1995 జూలైలో నిర్ణయించబడినవి. 1997లో జస్టిన్ ఫ్రాంకెల్ రూపొందించిన విన్యాంప్ ఎంపీ3ను ఇంటింటికి చేర్చినది. 1999లో ఏఓఎల్ సంస్థ విన్యాంప్‌ను కొనుగోలు చేసినది.

ఎంపీ3పై చాలా కాలము పేటెంట్లు ఉండుట వలన స్వేచ్ఛా సాఫ్టువేరు పంపిణీలు దానిని నేరుగా చేర్చలేకపోయినవి. లినక్సు కొత్తగా ఎక్కించుకొనినవారికి పాటలు వినిపించకపోవుటకు కారణము ఇదియే. పేటెంటు లేని ప్రత్యామ్నాయముగా ఓగ్ వోర్బిస్ 2002లో పూర్తి రూపము పొందినది. 2017 ఏప్రిల్‌లో ఎంపీ3 లైసెన్సింగు కార్యక్రమము ముగిసినది.

వీసీడీలు, మెమరీ కార్డులు

తెలుగు చిన్న పట్టణాలలో డిజిటల్ దృశ్యము మొదట వీసీడీ రూపములో ప్రవేశించినది. 1993లో ప్రమాణీకరించిన ఈ పద్ధతిలో ఎంపెగ్-1 కోడెక్‌తో 352×288 చుక్కల దృశ్యము, ఒక డిస్కుపై సుమారు 74 నిమిషాల నిడివి ఉండేవి. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు మూడు డిస్కులు అవసరమయ్యేవి. విశ్రాంతి ఎక్కడ వచ్చునో డిస్కు మార్పును బట్టి చెప్పగలిగిన తరము ఒకటి ఉన్నది. ఊరిలో పెళ్ళి, అమ్మవారి సంబరము వంటివి చిత్రీకరించిన వీడియోగ్రాఫర్లు కూడా వీసీడీలే ఇచ్చేవారు. డిస్కులోని దృశ్యమంతా డాట్ అను పొడిగింపు గల పెద్ద ఫైలులో ఉండేది. దానిని కంప్యూటరులోకి నకలు చేసినప్పుడు చాలా ప్లేయర్లు గుర్తించేవి కావు. వీఎల్‌సీ నేరుగా ఆడించేది.

తరువాత మొబైల్ ఫోన్లు వచ్చినవి. పలాస, టెక్కలి వంటి పట్టణాలలో రీచార్జి దుకాణాలే పాటల భాండాగారాలైనవి. మెమరీ కార్డు ఇచ్చి పాటలు ఎక్కించుకొనుట ఒక వాడుకగా మారినది. దుకాణదారు కంప్యూటరులోని సినిమాను చిన్న తెరకు సరిపడునట్లు 3జీపీగా మార్చి ఇచ్చేవాడు. మార్పిడి సాఫ్టువేరు అను మాట తెలియకయే వేలాది మంది దాని ఫలితాన్ని అనుభవించిన కాలమది. ఆ నకళ్ళలో అనుమతి లేనివే అధికము అనుట కూడా వాస్తవము.

ఉద్దానం గ్రామాల నుండి పనుల కొరకు ఇతర రాష్ట్రాలకు, విదేశాలకు వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. ఊరి ఉత్సవాల వీడియోలు వారికి వాట్సాప్ ద్వారా చేరుతున్నవి. మామూలుగా వీడియోగా పంపినప్పుడు ఆ అప్లికేషను ఫైలును తిరిగి కుదిస్తుంది. చేతులు మారే కొద్దీ తెరపై చదరపు మచ్చలు కనిపించుటకు ఇది ఒక కారణము. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపినచో మార్పు లేకుండా చేరుతుంది.

ప్రధాన సాఫ్టువేర్లు

వీఎల్‌సీ మీడియా ప్లేయరు ఫ్రాన్సులోని ఎకోల్ సెంత్రాల్ పారిస్ అను ఇంజనీరింగు కళాశాలలో 1996లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైనది. ప్రాంగణములోని నెట్‌వర్కు ద్వారా టీవీ ప్రసారాలను గదులకు పంపుట అప్పటి లక్ష్యము. పంపు భాగము సర్వరు, చూచు భాగము క్లయింటు. 'వీడియోల్యాన్ క్లయింట్' అను ఆ రెండవ భాగమే నేటి వీఎల్‌సీ. 2001 ఫిబ్రవరి 1న దీనిని జీపీఎల్ లైసెన్సుపై స్వేచ్ఛా సాఫ్టువేరుగా విడుదల చేసినారు. రహదారులపై అడ్డుగా పెట్టు నారింజ రంగు శంకువు దీని చిహ్నము. విద్యార్థులు అట్టి శంకువులను సేకరించి తెచ్చుకొనుట వలన ఈ చిహ్నము వచ్చినది. 1.0 సంచిక 2009 జూలైలో, 3.0 సంచిక 2018 ఫిబ్రవరిలో వెలువడినవి. 2025 జనవరి నాటికి దీని డౌన్‌లోడులు 600 కోట్లు దాటినట్లు వీడియోల్యాన్ సంస్థ ప్రకటించినది. ప్రకటనలు లేకపోవుట, కోడెక్‌లన్నీ తనలోనే కలిగి ఉండుట, సగము దిగిన ఫైలును కూడా ఆడించగలుగుట దీని ఆదరణకు కారణాలు. దీని ఇంటర్‌ఫేసు భాషలలో తెలుగు ఒకటి.

భారతదేశములో వీఎల్‌సీకి ఒక విచిత్రమైన అధ్యాయము ఉన్నది. 2022 ఫిబ్రవరి నుండి వీడియోల్యాన్ వెబ్‌సైటు దేశములోని పలు నెట్‌వర్కులలో తెరుచుకొనలేదు. కారణము చెప్పు ఉత్తర్వు ఏదియు బయటకు రాలేదు. అప్పటికే ఎక్కించుకొనిన వీఎల్‌సీ మాత్రము యథావిధిగా పనిచేసినది. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సహాయముతో వీడియోల్యాన్ అక్టోబరులో ప్రభుత్వ శాఖలకు లీగల్ నోటీసు పంపినది. నవంబరులో నిరోధము తొలగించబడినది. ఈ నడుమ కాలములో అసలు వెబ్‌సైటు దొరకక ఇతర చోట్ల నుండి దించుకొనవలసి వచ్చినది. భద్రత దృష్ట్యా చూచినచో అది నిరోధము లేని స్థితి కంటె ప్రమాదకరమైనది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో ప్రారంభించినారు. దీనికి బొత్తాలు, కిటికీలు లేవు. ఆదేశాలను టైపు చేయవలెను. అందువలన సామాన్యులకు పేరు తెలియదు గాని, వీఎల్‌సీ, ఎంప్లేయర్, హ్యాండ్‌బ్రేక్ వంటి వాటి లోపల పనిచేయునది దీని గ్రంథాలయాలే. 'మార్పిడి సాఫ్టువేరు' పేరిట రుసుముతో అమ్ముడయ్యే పలు ప్రోగ్రాములు కూడా దీనికి తొడిగిన చొక్కాలు మాత్రమే. 2011లో అభివృద్ధికారుల మధ్య విభేదాలు రాగా లిబ్‌ఏవీ అను చీలిక ఏర్పడినది. డెబియన్ పంపిణీ కొంతకాలము ఆ చీలికను అనుసరించి 2015లో తిరిగి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు వచ్చినది.

హ్యాండ్‌బ్రేక్ 2003లో మొదలైన దృశ్య మార్పిడి సాఫ్టువేరు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆదేశాలు కష్టమనుకొనువారికి అనుకూలము. హెచ్.264 మార్పిడిలో నాణ్యతను 0 నుండి 51 వరకు ఒక సంఖ్యతో సూచిస్తారు. సంఖ్య తగ్గిన కొద్దీ నాణ్యత, పరిమాణము పెరుగుతాయి. ఆరు తగ్గించినచో ఫైలు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. అడాసిటీ ధ్వనిని రికార్డు చేయుటకు, కత్తిరించుటకు ఉపయోగపడునది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో మొదలై 2000లో విడుదలైనది.

క్యాసెట్టు నుండి ఫైలుకు

ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్టు భారతదేశ గ్రామాలకు చేరుటకు ఇంకను చాలా ఏళ్ళు పట్టినది. అంతకు ముందు తరాల కళ కాగితముపైనో, శిష్యుల గొంతులోనో మాత్రమే నిలిచినది. గిడుగు రామమూర్తి సవర భాషను చెవితో విని, ప్రత్యేక ధ్వని చిహ్నాలతో కాగితముపై పెట్టి 1931లో ఆ భాషా వ్యాకరణాన్ని ప్రచురించినారు. పలాస సమీపములోని బొడ్డపాడుతో అనుబంధమున్న సుబ్బారావు పాణిగ్రాహి 1960వ దశకములో జముకుల కథను ఉద్యమ ప్రచారానికి వాడినారు. 1969లో ఆయన మరణించినారు. ఆ కాలపు గ్రామాలలో టేపు రికార్డరు అరుదైన వస్తువు. 1980, 1990వ దశకాలలో క్యాసెట్టు రికార్డర్లు ఇళ్ళలోకి వచ్చిన తరువాతనే సామాన్యులు తమ ఊరి కథలను, తల్లుల పాటలను తామే పట్టుకొనగలిగినారు. ఆ టేపులకు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ళ వయస్సు.

తేమ వలన టేపుపై అయస్కాంత పొడిని పట్టి ఉంచు జిగురు బలహీనపడుతుంది. బూజు పడుతుంది. ఉద్దానం వంటి సముద్రతీరములో ఈ క్షయము వేగముగా జరుగుతుంది. ఇక తుఫానుల సంగతి వేరుగా చెప్పనవసరము లేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపములో తీరము దాటిన తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను కూల్చి, ఇళ్ళ పైకప్పులను లేపి, అనేక గ్రామాలను రోజుల తరబడి చీకటిలో ఉంచినది. పెట్టెలో దాచిన క్యాసెట్టుకైనా, బల్లపై ఉన్న కంప్యూటరుకైనా అట్టి రాత్రి ఒక్కటి చాలును. అందుచేత ఫైలుగా మార్చుట ఎంత అవసరమో, ఆ ఫైలు నకలును వేరే ఊరిలో ఉంచుట కూడా అంతే అవసరము.

మార్పిడికి ముందు క్యాసెట్టును పరీక్షించవలెను. బూజు పట్టిన టేపును ఆడించరాదు. ఆ బూజు ప్లేయరు తలకు అంటుకొని తరువాత పెట్టిన టేపులను కూడా పాడుచేస్తుంది. టేపు తెగినచో అంటుబిళ్ళ వేసి అతుకవచ్చును. గట్టిగా చుట్టుకొనిపోయిన టేపును ఒకమారు చివరి వరకు త్రిప్పి వెనుకకు చుట్టినచో బిగువు సర్దుకొనును. ప్లేయరు తలను, రబ్బరు చక్రాన్ని శుభ్రపరచవలెను. తల టేపుకు సరిగా లంబముగా లేనప్పుడు ధ్వని బొంగురుగా, ముసుగులోనుంచి వచ్చినట్లు ఉంటుంది. తల ప్రక్కనున్న చిన్న మరను కొద్ది కొద్దిగా త్రిప్పి, గజ్జెలు, తాళాలు స్పష్టముగా వినిపించు చోట ఆపవలెను. ఈ ఒక్క సవరణ వలన కలుగు మేలు తరువాత చేయు ఏ సాఫ్టువేరు శుద్ధి వలన కూడా కలగదు.

తరువాత ప్లేయరు 'లైన్ అవుట్' నుండి కంప్యూటరు 'లైన్ ఇన్'కు తీగ కలిపి అడాసిటీలో రికార్డు చేస్తారు. హెడ్‌ఫోను రంధ్రము నుండి మైకు రంధ్రానికి కలుపుట సులభమైనను ధ్వని పగిలిపోవు ప్రమాదము ఉన్నది. ధ్వని స్థాయి ఎక్కడను గరిష్ఠ గీతను తాకరాదు. జముకుల కథలో కథకుడు మెల్లగా మాట్లాడుతూ ఒక్కసారిగా వాయిద్యాలతో గొంతెత్తుతాడు గనుక, అట్టి ఘట్టాన్ని ముందుగా ఆడించి స్థాయిని నిర్ణయించుకొనుట మేలు.

అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘమైన ఐఏఎస్ఏ ఇట్టి పనికి సెకనుకు కనీసము 48,000 నమూనాలు, 24 బిట్లు ఉండవలెనని సూచించినది. 96,000 నమూనాలను మేలైనవిగా పేర్కొన్నది. ఆ లెక్కన రెండు ఛానెళ్ళ గంట ధ్వనికి సుమారు 2 గిగాబైట్లు పడుతుంది. ఫ్లాక్‌గా కుదించినచో ఇంకను తగ్గును. ఒకప్పుడు ఇది భారమైన పరిమాణము గాని, ఇప్పటి హార్డుడిస్కులకు కాదు. ఫ్లాక్ ఫైలులో అసలు ధ్వనికి చెందిన ఎండీ5 సరిచూపు సంఖ్య కూడా నిక్షిప్తమై ఉంటుంది. పదేళ్ళ తరువాత ఫైలు చెడినదో లేదో దానితో తెలుసుకొనవచ్చును. ఫ్లాక్ 2024 డిసెంబరులో అంతర్జాల ప్రమాణముగా కూడా గుర్తింపు పొందినది.

ఈ మూల ఫైలును అలాగే ఉంచి, వినుటకు, పంచుటకు దాని నుండి వేరుగా ఎంపీ3 నకలు తీయవలెను. బుస శబ్దము తగ్గించుట, మౌనాలు కత్తిరించుట వంటి సవరణలు నకలుపైనే చేయవలెను. బుసను మరీ గట్టిగా తగ్గించినప్పుడు గొంతు నీటిలోనుండి వచ్చినట్లు మారుతుంది. కథకుడు మధ్యలో ఆగి ప్రేక్షకులలో ఒకరిని పలకరించిన మాట, ప్రక్కన ఏడ్చిన పిల్లవాని గొంతు కూడా ప్రదర్శనలో భాగమే గనుక మూలములో వాటిని తొలగించుట తగదు.

వీహెచ్ఎస్ టేపుల విషయములో పని మరికొంత కష్టము. భారతదేశములో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు, ఒక్కొక్కటి సరి గీతలు, బేసి గీతలుగా రెండు భాగాలై ఉంటాయి. వీటిని సరిగా కలపనిచో తప్పెటగుళ్ళ బృందము ఎగిరిన ప్రతిసారి కాళ్ళ అంచులు దువ్వెన పళ్ళవలె కనిపిస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో యాడిఫ్ వంటి వడపోతలు ఇందుకు ఉన్నవి. దృశ్యమును నష్టరహితముగా దాచుటకు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనే పుట్టిన ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్‌ను మత్రోష్కా కంటైనరులో ఉంచి పలు భాండాగారాలు వాడుతున్నవి.

చివరిగా ఫైలు పేరు. కళాకారుని పేరు, ఊరు, తేదీ, కథ పేరు, రికార్డు చేసినవారి పేరు, క్యాసెట్టు అట్టపై ఉన్న వ్రాత - ఇవి లేనిచో ఎంత శుభ్రమైన ధ్వనియైనను కొన్నేళ్ళకు ఎవరిదో తెలియని గొంతుగా మిగులును. గొంతును గుర్తుపట్టగల పెద్దలు ఉన్నప్పుడే ఈ వివరాలు అడిగి వ్రాసుకొనవలెను. మార్పిడిలో సాఫ్టువేరు చేయలేని పని ఇదొక్కటే.

తెలుగు లిపి సమస్యలు

ఎంపీ3 ఫైలులో పాట వివరాలు ఐడీ3 అను భాగములో ఉంటాయి. 1996 నాటి మొదటి పద్ధతిలో పేరుకు 30 బైట్లే కేటాయించినారు. అది లాటిన్ అక్షరాల కొరకు ఉద్దేశించినది. యూనికోడు యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావలెను. గుణింతము, పొల్లు కూడా వేరు సంకేతాలే. ఈ లెక్కన 'జముకుల కథ' 25 బైట్లతో ఇముడును గాని, 'తప్పెటగుళ్ళు' అను ఒక్క మాటకే 36 బైట్లు కావలెను. తరువాతి ఐడీ3 సంచికలు యూనికోడును అనుమతించినవి. పాత కారు ప్లేయర్లు తెలుగు పేర్లకు బదులు ప్రశ్నార్థకాలు చూపుటకు కారణము ఫైలులో దోషము కాదు, వాటిలో తెలుగు ఫాంటు గాని, యూనికోడు చదువు సామర్థ్యము గాని లేకపోవుటయే.

ఉపశీర్షికల విషయములో ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచవలెను. వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చుండుటకు ప్లేయరులో హార్ఫ్‌బజ్ వంటి లిపి కూర్పు గ్రంథాలయము ఉండవలెను. లేనిచో 'లక్ష్మి' వంటి మాట పొల్లులతో విడివిడిగా కనిపించును. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పాఠాలు యూనికోడు కావు గనుక, వాటిని ముందుగా మార్చిన తరువాతనే ఉపశీర్షికలుగా వాడవలెను.

చట్టము

భారత కాపీరైటు చట్టము (1957) ప్రకారము ధ్వని రికార్డింగులకు, సినిమాలకు ప్రచురణ తరువాతి సంవత్సరము నుండి 60 ఏళ్ళ రక్షణ ఉన్నది. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు. పరంపరగా వచ్చిన కథ ఎవరి సొత్తు కాకపోయినను, ఒక కళాకారుడు దానిని చెప్పిన ప్రదర్శనపై అతనికి హక్కు ఉంటుంది; రికార్డు చేయుటకు, ప్రచురించుటకు సమ్మతి తీసుకొనవలెను. 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షను ప్రకారము, హక్కుల ఉల్లంఘన ఉద్దేశముతో సాంకేతిక రక్షణలను ఛేదించుట రెండేళ్ళ వరకు జైలు శిక్షకు అర్హమైన నేరము. తాళము వేసిన డీవీడీల నకళ్ళకు ఇది వర్తించును.

వికీమీడియాకు చేర్చుట

వికీపీడియా వ్యాసాలలో ధ్వని, దృశ్యాలు చేర్చుటకు వాటిని వికీమీడియా కామన్స్‌కు ఎక్కించవలెను. అక్కడ పేటెంటు బంధాలు లేని ఫార్మాట్లనే స్వీకరిస్తారు: ధ్వనికి ఓగ్, ఓపస్, ఫ్లాక్, వేవ్, దృశ్యానికి వెబ్‌ఎం. పేటెంట్లు ముగిసిన తరువాత ఎంపీ3 కూడా చేరినది. మొబైల్ ఫోనుతో తీసిన ఎంపీ4ను నేరుగా ఎక్కించుటకు వీలు లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో గాని, వీడియో2కామన్స్ అను ఆన్‌లైన్ పరికరముతో గాని వెబ్‌ఎంగా మార్చవలెను. ప్రదర్శనను రికార్డు చేసినవారు, ప్రదర్శించినవారు ఇద్దరూ స్వేచ్ఛా లైసెన్సుకు అంగీకరించి ఉండవలెను.